హాజరు కాలేదు

ఓల్డ్‌షా కౌన్సిల్ భవనం, రెండో అంతస్తు, కమిటీ గది.
తొమ్మిదిన్నరకి ఇరవై ఇద్దరు.
కిటికీ అవతల లాంకషైర్ వాన
అందరి మీదా ఒకేలా పడుతోంది.
మొదటి స్లైడుకి పనికొచ్చే మాటే,
కానీ అబద్ధం.
గొడుగున్నవాళ్ల మీద అది వేరేగా పడుతుంది.

సమానత్వం నా రోజుకూలీ.
చుట్టచుట్టిన చార్టులు చంకన పెట్టుకుని
మూడు రైళ్లు మారి వస్తాను.
బిల్లు పంపిన నలభై రోజులకి డబ్బులు.
వీళ్లు నన్ను చూసే చూపు నాకు కొత్త కాదు,
పళ్ల డాక్టరు గది బయట కూర్చున్నవాళ్ల చూపు.

పార్కింగ్ విభాగం క్లైవ్ ఎంట్విసిల్
వచ్చీరాగానే చేతులు కట్టేసుకున్నాడు.
చెత్త బళ్ల సూపర్‌వైజర్ గ్వెండా
"మా లారీ అందరి డబ్బానీ ఒకేలా ఎత్తుతుందమ్మా" అంది.
నవ్వులు. నేనూ నవ్వాను.
"మెట్ల పైన, చక్రాల కుర్చీలో ఉన్నాయన
డబ్బాని రోడ్డు దాకా ఎలా తెస్తాడు?"
గ్వెండా నవ్వడం మానేసి
పుస్తకంలో ఏదో వీధి పేరు రాసుకుంది.
కొన్ని ఊళ్లలో నాకు ఆ మాత్రం కూడా దొరకదు.

మధ్యాహ్నం శాండ్‌విచ్‌ల మీద బుల్లి జెండాలు:
ఇది శాకం, ఇది హలాల్, ఇందులో గోధుమ లేదు.
తిండి దగ్గర ఎంత శ్రద్ధ!
బార్బడోస్ నుంచి నర్సుగా వచ్చిన మా అమ్మ
బతికినన్నాళ్లూ ఫారాల్లో 'ఇతరులు' గడిలోనే ఉంది.
గట్టిగా నొక్కి టిక్కు పెట్టేది,
వెనక కాగితం మీద కూడా గుంట పడేలా.

మూడింటికి అడిగాను:
"మీ కౌంటర్ దగ్గర్నుంచి ఎవరైనా
ఊరికే వెనక్కి వెళ్లిపోయారా?"
రేడియేటర్ టకటక తప్ప జవాబు లేదు.

ఇళ్ల విభాగం ఐలీన్ రామ్స్‌డెన్,
రిటైర్మెంట్‌కి ఏడు నెలలు,
పొద్దుట్నుంచీ నోరు విప్పని మనిషి, మొదలుపెట్టింది.

"బాసిల్ క్రాంప్టన్ అని ఒకాయన.
అద్దం వెనక నుంచి మూడుసార్లు పిలిచాను.
రాలేదు. 'హాజరు కాలేదు' అని రాశాను.
మరుసటి వారం కూడా అంతే. ఆ పై వారం కూడా.
మూడోసారి హాలు ఖాళీ అయ్యాక చూస్తే
మూడో కుర్చీలో మేం పంపిన ఉత్తరం.
వెనక పెన్సిల్‌తో: 'నేను వచ్చాను.'
ఆయనకి వినపడదని అప్పుడు తెలిసింది.
అప్పటికే ఆయన పేరు జాబితాలోంచి తీసేశారు.
పదకొండేళ్లు. ఆ కాగితం నా సొరుగులోనే ఉంది."

దీనికి నా దగ్గర ఒక స్లైడు ఉంది.
చూపించలేదు.
చెవిటివాడి ముందు శంఖం ఊదామని
ఊదినవాళ్లే చెప్పుకుంటారు ఎప్పుడూ.
ఊదడం ఆపి లేచి
ఆయన భుజం తట్టినవాళ్ల మీద
సామెత పుట్టలేదు.

క్లైవ్ చేతులు విప్పాడు.
ఏం చెయ్యాలో తోచక
బిస్కెట్ల ప్లేటు ఐలీన్ వైపు జరిపాడు.
ఆమె ఒకటి తీసుకుంది, తినలేదు.

నాలుగున్నరకి అభిప్రాయ పత్రాలు:
గది చలిగా ఉంది.
ఇవన్నీ మాకు ముందే తెలుసు.
బిస్కెట్లు బాగున్నాయి.
ఇంకా పొట్టిగా ఉంటే మేలు.
ఒకటి ఖాళీగా వచ్చింది, అంచులు నలిగి.

దిగేటప్పుడు కింది హాల్లో
అద్దం దగ్గర్నుంచి మూడో కుర్చీ దాకా నడిచాను.
తొమ్మిది అడుగులు.
నా రిపోర్టు పన్నెండు పేజీలు వస్తుంది,
చదివేదెవరో తెలీదు.
మొదటి పేజీలో మాత్రం ఆ అంకె వేస్తాను.

స్టేషన్లో మైకు గరగరమంది:
రైలు ఈ ప్లాట్‌ఫారం కాదు, అవతలిది.
అందరం మూటాముల్లె ఎత్తుకుని పరిగెత్తాం.
మెట్ల మధ్యలో ఆగి వెనక్కి చూశాను,
ఇంకా ఎవరైనా అక్కడే నిలబడి ఉన్నారేమోనని.