ఒక్క ముక్క

వన్‌టౌన్ కొట్లో ఛగన్‌లాల్ రెండు కొత్త రాడ్లు చేతికిచ్చాడు,
ధర చీటీలు ఊడదీయకుండా.
"వారం తిప్పి చూడు మీరా భాయ్.
అమ్ముడవుద్దో లేదో ఒక్క ముక్క చెప్పు, చాలు."

ఒకటి ఆరున్నర అడుగులు, కొస మెతక.
రెండోది ఏడు,
పెళ్లిచూపులకొచ్చిన మేనమామలా ఓ పట్టాన వంగదు.
వీటికి రీలు కింద వేలాడదు, పైన కూర్చుంటుంది.
తిరిగే చుట్ట మీద బొటనవేలు ఆనించి ఉంచాలి.
గట్టిగా నొక్కితే ఎర కాళ్ల దగ్గరే పడుద్ది,
వదిలేస్తే దారం తనలో తాను పెనవేసుకుని
గిజిగాడు కూడా విప్పలేని గూడు కడుద్ది.

ఆటోనగర్లో ముప్ఫయ్యేళ్లు
లేత్ మిషన్ మీద ఇనుము చెక్కిన వేలిది.
రేషన్ మిషన్ దీన్ని ఒప్పుకోదు.
"గీతలు లేవు తాతా, ఇంకో వేలు పెట్టు."
ఎక్కడ పోయాయో నాకు తెలుసు,
ఇనుముకి కొన్ని, దారానికి కొన్ని.

మొదటిరోజు బుడమేరు.
గుర్రపుడెక్క ఎంత దట్టమంటే
కొంగ నడుచుకుంటూ అవతలికి పోయింది.
రబ్బరు కప్పని ఆకుల మీద వేసి
రెండు గెంతులు గెంతించి ఆపాను.
ఆపడమే అసలు పని.

ఆకులు పేలాయి.
ఏడడుగుల రాడ్డు నడుందాకా వంగింది, కుయ్యిమనలేదు.
కొర్రమీను. కిలోన్నర ఉంటుంది. పాము తల, తడి తారు రంగు వీపు.
అప్పుడు చూశాను,
అది లేచిన చోట కుంకుమ చల్లినట్టు పిల్లలు,
వందలు, గాలికోసం పైకొచ్చి, మునిగి, మళ్లీ పైకొచ్చి,
కాపలా ఎటుపోయిందో తెలీక.

ఆకలికి కరవలేదది.
కప్పని తరమడానికి కరిచింది.

గేదెలు కడుగుతున్న ఏసుబాబు గట్టు మీంచి అరిచాడు,
"బజార్లో కిలో ఎంతో తెలుసా తాతా? వదిలేస్తావా?"
వదిలేశాను.
వాడు గేదెకి చెప్పుకున్నాడు నా సంగతి.

నాలుగోరోజు చీకటితో అవనిగడ్డ బస్సు.
రాడ్లకి లగేజీ టికెట్ కొడతానన్నాడు కండక్టరు.
నాగాయలంక దాటాక మరియదాసు పడవ.
మొగలో పోటు ఆగి పాటు మొదలయింది,
మడచెట్ల వేళ్ల సందుల్లోంచి నీళ్లు వెనక్కి జారుతున్నాయి,
నాలిక్కి సగం మన కృష్ణ, సగం సముద్రం.
"ఇప్పుడెయ్యి," అన్నాడు.
"చిన్నచేప దిగొచ్చే దారిలో పెద్దది కూచునుంటది."

మెతక కొసతో వేశాను.
దారం పోతుంటే వేలికింద సన్నటి ఈల.
కింద ఇసుకా, ఒండ్రా, ఆలిచిప్పలా,
ఒక్కోటీ పిడి దాకా వచ్చి చెప్పిపోయింది.
పండుగప్ప తగిలింది.
ఎన్ని కిలోలో చెప్పను, చూడని చేపని తూచకూడదు.
నీడలో ఒక్కసారి ఎర్రగా మెరిసిన కన్ను చూశాను, అంతే.
నలభై బారల దారం లాక్కుపోయింది, వేలు కాలింది,
మూడో రింగు దగ్గర
కందికంప విరిచిన చప్పుడు.

మరియదాసు నవ్వలేదు.
"వేలు నీళ్లలో పెట్టు. ఉప్పుకి మండుద్ది, మానుద్ది."

శనివారం బల్ల మీద పెట్టాను.
"ఒక్క ముక్క చెప్పమంటే
రెండు ముక్కలు తెచ్చావేంది?" అన్నాడు ఛగన్‌లాల్.

"పెద్దది అమ్ముకో.
ఎర్రపిల్లలు కనపడ్డచోట వెయ్యొద్దని చెప్పి అమ్ము."
"అట్లా చెప్తే ఎవడు కొంటాడు?
సరే, ఈ విరిగింది?"

ఏం చెప్పను.
విరిగేముందు అది విప్పి చెప్పినట్టు
నీళ్ల అడుగు సంగతి ఇన్నేళ్లలో ఏ కర్రా చెప్పలేదు.
"కంపెనీకి తిప్పి పంపు," అన్నాను.
రాసుకున్నాడు.

ఒకటో తారీకు రేషన్ కొట్టు.
బొబ్బ ఊడి, లేత చర్మం మీద
అడ్డంగా ఒక్క గీత, దారమంత సన్నంగా.
దాన్నే పెట్టాను.
ఎర్రదీపం.
"ఇంకో వేలు తాతా."

చిటికెనవేలు పెట్టాను.
బియ్యం పోశారు.