ఎర్తు గుంత

కోసేటప్పుడు చెయ్యి వణికింది, అబద్ధం ఎందుకు.
పాతికేళ్ళ టేకు ప్లైవుడ్డు.
గవర్నరుపేటలో ఖాసిం వలీ దగ్గర
మూడు వాయిదాల్లో కొన్న జత.
వీపున పెన్సిలు గీత గీసి
సన్న రంపం దించాను.
టార్చి పట్టుకున్న సుదర్శనం
మొహం అటు తిప్పేసుకున్నాడు,
పిల్లకి చెవులు కుట్టిస్తున్నట్టు.

లోపల పసుపు తిరిగిన దూది,
ఎప్పటిదో ఎండిన బల్లి గుడ్డు,
ఉబ్బి కక్కేసిన బొటనవేలంత కెపాసిటర్లు.
అవన్నీ పాత చాటలోకి తీసేశాను.
ఆ ఖాళీలో ఇప్పుడు
ఒక్కోదానికి అరచేయంత ఆకుపచ్చ బోర్డు,
అల్యూమినియం రేకు, తెల్లటి పేస్టు,
నాలుగు మూలలా నాలుగు స్క్రూలు.
"ఇంక వీటికి వేరే డబ్బా అక్కర్లేదు,
ఎవరి బలం వాళ్ళ కడుపులోనే" అన్నాను.
"నీలాగ" అన్నాడు.
మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేలలేదు.

కాలేజీ ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా
పిల్లలు తెంపినవి అతికిస్తున్నాను.
నా కోసం సోల్డరు కరిగించడం ఇదే మొదలు.
పొగ కళ్ళలోకి వచ్చింది. పొగే.

స్విచ్చి వేశాం.

గుమ్మ్మ్మ్...
పెళ్ళి భోజనాలయ్యాక
చాపమీద వాలిన మావయ్యల గురక.
పాట పెడితే పాట కింద అదే,
ఆపితే ఒంటరిగా అదే.
వైర్లు మెలేశాను, విడదీశాను,
ట్రాన్స్‌ఫార్మరుని పక్కకి తిప్పాను,
వంటింటి ఫ్రిజ్ ఆపి పాలు విరగ్గొట్టాను.
నాలుగు రాత్రులు.
గురక తొణకలేదు.

ఖాసిం వలీకి ఫోన్ చేస్తే నవ్వాడు:
"ప్లగ్గుకి మూడో కాలు ఉంది చూడు మేడం,
అది కోసెయ్. గోల వదిలిపోద్ది."
కటింగ్ ప్లయరు చేతిలోకి తీసుకున్నాను కూడా.
ఏటా జూన్‌లో, మొదటి ప్రాక్టికల్ రోజున
బల్ల కొట్టి మరీ చెబుతాను:
ఆ లావుపాటి పిన్ను మీ ప్రాణం, ముట్టుకోవద్దు.
చెప్పిన నోరు అదే, పట్టిన చెయ్యి అదే.
ప్లయరు సొరుగులో పడేసి
కోపంగా అన్నం తిన్నాను.

మర్నాడు కింద పోర్షను సాంబ్రాజ్యం గారు
మెట్ల దగ్గర ఆపారు.
అద్దె పెంచుతారనుకున్నాను.
"ఏందమ్మాయ్, నాలుగు రోజులుగా
పైన తుమ్మెదని కట్టేశారా?"
విషయం చెప్పాను. వినీ వినకుండానే
"గుంతలో నీళ్ళు పోశావా?" అన్నారు.
లైన్‌మన్ పెళ్ళాం ఆవిడ.
ఆయన పోయి తొమ్మిదేళ్ళు.

కృష్ణలంకలో మే నెల.
బ్యారేజీ దిగువన ఏటిలో ఇసుకే.
బట్టలుతికే బండ వెనక, సిమెంటు పలక కింద
ఎర్తు గుంత నోరు తెరుచుకుని ఉంది,
బొగ్గు పొడి పొడిగా, ఉప్పు జాడ లేకుండా.
నేను పుస్తకాల్లో వెతుకుతున్నది
దాహమని ఎవరనుకుంటారు?

రెండు కిలోల గళ్ళుప్పు.
మొదటి బకెట్టు: మట్టి సుయ్యిమంది.
రెండోది: బుడగలు.
పైన కిటికీలోంచి సుదర్శనం,
స్పీకరుకి చెవి ఆనించినట్టున్నాడు,
"సగం!" అని అరిచాడు.
మూడో బకెట్టు సాంబ్రాజ్యం గారే పోశారు,
చీర కుచ్చిళ్ళు దోపుకుని,
పోస్తూ గుంతతో ఏదో గొణిగారు.
"ఉందా?" అని కేకేశాను.
జవాబు లేదు.
పైకి పరిగెత్తాను.
అతను వేలు పెదాలమీద పెట్టుకుని
కూర్చుని ఉన్నాడు, ఏమీ లేనిదాన్ని వింటూ.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఎక్కి వచ్చాక
వేణువు పెట్టాను.
ఇన్నేళ్ళూ వినపడనిది వినపడింది:
ప్రతి చరణం ముందు
ఆ మనిషి ఊపిరి తీసుకోవడం.
సాంబ్రాజ్యం గారు తల ఒక పక్కకి వంచి
చాలాసేపు విన్నారు.
"పాపం, ఆయాసం మనిషనుకుంటా" అన్నారు.

ఎడమదాంట్లో రాత్రి పదింటికి
ఇప్పటికీ కొంచెం ఏదో ఉంటుంది.
ఉండనిచ్చాను.
వంటిల్లు కడిగిన రోజున మాత్రం
చివరి బకెట్టు మోరీలో పొయ్యను.