క్ష ఎక్కడ?

సఫూరా అడిగింది ఒక్కటే:
అకారాది క్రమంలో పెడితే క్ష ఎక్కడ రావాలి,
కకారం కిందనా, ళ తర్వాతనా?
నాంపల్లిలో ఒక పాత గ్రంథాలయం జాబితా ఎక్కిస్తోంది.
క్షయ మీద పుస్తకమొకటి
మెషీన్‌లో ఉండీ దొరకడం లేదట.

శనివారం. అమీర్‌పేటలో జిరాక్స్ షాపు పైగది.
కింద ఎవరో రెజ్యూమె ముప్పై కాపీలు తీయిస్తున్నారు,
ఆకుపచ్చ వెలుగు మెట్లమీద అటూ ఇటూ తిరుగుతోంది.

మొదటి పావుగంట బాగానే ఉన్నాం.
నర్సింగరావు బోర్డు మీద క రాశాడు, ష రాశాడు,
మధ్యలో నిలువుగా గీత గీశాడు.
చక్కటి గీత. తిన్నగా వచ్చింది.
అందరం దాన్నే చూస్తూ కాసేపు ఆలోచించాం కూడా.

తర్వాత ఎవరో అన్నారు,
ఇదంతా ఇంకో భాషలో రాసుంటే ఈ గోలే ఉండేది కాదని.
ఏ భాషో ఇప్పుడు గుర్తు లేదు.
"ఆ భాషోళ్లు పెండ్లికి పోయినా
ముందుగాల వంటోన్నే మార్పిస్తరు"
దస్తగిరి నవ్వుకే అన్నాడు.
నర్సింగరావు పెళ్లిలో వంట చెడిందని వాడికి తెలీదు.

టీలు వచ్చాయి. ఎవరూ తీసుకోలేదు.
మీరు కాస్తా నువ్వు అయింది,
ఏ నిమిషంలో అయిందో ఏ లాగ్‌లోనూ లేదు.
పదమూడేళ్ల కిందటి మార్పొకటి పైకి తేలింది:
రాసిందెవరు, పేరు ఎక్కిందెవరిది.
మీ పుస్తకాల తెలుగు అన్నారొకరు.
మీ బస్టాండు తెలుగు అన్నారింకొకరు.
క్షమించాలి, అన్నాడొకడు, తిట్టబోయే ముందు.
అంతసేపట్లో క్ష వినబడింది ఆ ఒక్కసారే.

నేను సర్దిచెబుదామనే లేచాను.
లేచి, "అసలు ఆ రోజు జరిగిందేంటంటే" అన్నాను.

రెజ్యూమె కుర్రాడు మెట్లమీంచి తొంగిచూశాడు,
చంకలో వెచ్చటి కాయితాల కట్ట.
"అన్నా, ఇక్కడ కోచింగ్ చెప్తరా?
ఫీజెంత?"

సఫూరా కుర్చీ ఖాళీగా ఉంది.
ఎప్పుడు వెళ్లిందో.
ఆమె ముందున్న టీ మాత్రం తాగేసి ఉంది.

ముగ్గురిదీ మియాపూర్ వైపే.
ఒకే పెట్టె, ఒకే కడ్డీ.
వాళ్లిద్దరూ చెరో అద్దంలోకి చూస్తున్నారు,
మధ్యలో నేను, పొల్లులాగా,
ఎవర్నీ ఎవరితోనూ కలపలేక.

మూసాపేట దగ్గర ఫోన్ మోగింది.
సఫూరా. పుస్తకం దొరికిందట,
చేత్తో వెతికితే, కింది అరలో, అట్ట ఊడిపోయి.
చెబుదామని తలెత్తాను.
ముందు ఎవరి వైపు తిరగాలో
తేల్చుకునేలోగా
కూకట్‌పల్లి వచ్చింది, ఒకడు దిగిపోయాడు.