దానిమ్మా, మోదుగా

గుణుపురం బస్టాండు వెనక
ఒడియా అక్షరాల బోర్డు కింద
తెలుగులో తిట్టుకుంటూ పనిచేసే కొట్టు మాది.
బోర్డు మీద ఇప్పటికీ గవరయ్య మేస్త్రి పేరే.
ఆయన పోయి పద్నాలుగేళ్లు.
పేరు మార్చడానికి పెయింటరు ఎనిమిది వందలడిగాడు.

ఇవాళ పొద్దున్నే కొండ దిగి వచ్చాడు సుంబ్రా రైకా,
సైకిలు తొక్కుతూ కాదు, భుజాన మోసుకుంటూ.
పంతొమ్మిదేళ్లు అల్లం బస్తాలు మోసిన సైకిలు
ఈ ఒక్క పూట మనిషినెక్కింది.
"పగిలింది" అన్నాడు.
సీటు కింద, గొట్టాలు కలిసే చోట
వెంట్రుకంత గీత.

నాకు గుర్తుంది ఈ ఫ్రేము.
మేస్త్రి టేపు పెట్టలేదు. పురికొస తీసి
మడమ నుంచి గజ్జల దాకా ఒక ముడి,
భుజం నుంచి గుప్పిట దాకా ఒక ముడి,
నిండు బస్తా చుట్టూ తిప్పి మరో ముడి.
వెనక చక్రాన్ని బెత్తెడు వెనక్కి జరిపాడు.
పై గొట్టం కింద ఇంకో గొట్టం వేశాడు.
"దిగుడులో బస్తా మనిషిని తోసీకూడదురా."

గొట్టం మూతిని చేపనోరులా
అరగుండ్రం ఆకురాయితో అరగదీయడం నా పని.
గొట్టాన్ని గొట్టం కరవాలి;
మధ్యలో బీడీ ఆకు దూరితే మళ్లీ మొదలు.
తర్వాత వెలిగారం పూత. తర్వాత మంట.
దానిమ్మగింజ రంగులో ఇత్తడి కడ్డీ పెడితే
అంచునే పేరుకుంటుంది, లోపలికి పోదు.
మోదుగుపువ్వు రంగు రావాలి.
అప్పుడు సందు దానంతటదే తాగుతుంది.

ఆ యేడాది ప్రతి అతుకు దగ్గరా అడిగేవాడు:
"ఏటి రంగురా తవిటీ? దానిమ్మా, మోదుగా?"
పాఠం అప్పజెప్పించుకుంటున్నాడనుకున్నాను.
పద్నాలుగేళ్ల గుంటణ్ని.
మరుసటి యేడాది మంట నా చేతికిచ్చేశాడు.
ఎందుకో చెప్పలేదు.

ఇవాళ రంపం పెట్టి అతుకు విప్పాను.
మూడు వంతులు ఇత్తడి, తేనె నిండినట్టు.
నాలుగో వంతులో
గాజులా ఎండిన వెలిగారం, అంతే.
మేస్త్రి అతుకు. బోలు.

స్టూలు మీద కూచుండిపోయాను.
టీ గ్లాసు కోసం ఆయన చెయ్యి బల్లంతా తడమడం,
నోట్లని కొలతపెట్టి చూసుకోవడం,
మంట వైపు మొహం కాక చెవి తిప్పడం
ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.
అది పాఠం కాదు.
ఆయనకి కనపడటం లేదు.

ఆ సాయంత్రం కూడా వచ్చి నిలబడింది.
వంశధార ఇసకలో నాటకం, హార్మోనియం సరిచేస్తున్న చప్పుడు.
ముందు వైపు మోదుగ.
వెనక వైపు, నాకు తెలుసు, ఇంకా దానిమ్మే.
"మోదుగే" అన్నాను.
ఒక కాలు అప్పటికే చెప్పులో ఉంది.
ఆయన కడ్డీ పెట్టాడు.

వారానికి రెండు సంతలు, సంతకి రెండు బస్తాలు,
పంతొమ్మిదేళ్లు.
లెక్క మొదలుపెట్టి మానేశాను.

సుంబ్రాకి ఏమీ చెప్పలేదు. గీకాను, తుడిచాను.
కొత్త వెలిగారం. మంట.
బిపిను ఫోను చూసుకుంటున్నాడు.
నా కళ్లు బాగానే ఉన్నాయి.
అయినా అడిగాను, "ఏటి రంగురా?"
వాడు ఫోను జేబులో పెట్టి, లేచి,
అటు పక్కకి కూడా వెళ్లి చూసొచ్చాడు.
"ఇటు మోదుగ. అటు ఇంకా అవనేదు."
ఆగాను.

ఎంతన్నాడు సుంబ్రా. ఏమొద్దన్నాను.
అనుమానంగా చూశాడు.
డబ్బులొద్దంటే సరుకులో పుచ్చుందని
అతని సంతలో లెక్క.
సైకిలు తిరగేసి అతుకు మీద గోరుతో గీసి చూశాడు.
తర్వాత బేరం మొదలుపెట్టాడు, పైకి.
నేను కిందికి లాగాను.
నలభై రూపాయలూ అరకిలో అల్లమూ దగ్గర తెగింది.

అల్లం ఇంకా బల్ల మీదే ఉంది,
కొండ మట్టితోనే.