వాన రుసుము

వానలో పకోడీ తినాలనిపించింది, అంతే.
మందులు కావు, పసిపిల్లకి పాలు కావు.
చెప్పుకోడానికి ఒక్క మంచి సాకైనా లేని ఆకలి.

విశాలాక్షినగర్ మిట్ట మీద మా అపార్టుమెంటు.
ఫోన్లో బుల్లి బండిబొమ్మ
హనుమంతవాక దగ్గర చాలాసేపు ఆగిపోయింది.
దాన్ని తిట్టాను.
బొమ్మ మీద వాన కురవదు కదా.

నాలుగో అంతస్తు. గంట కొట్టాడు.
కోటు కారుతున్న నీళ్లు గుమ్మం దాటకుండా
కాళ్లు వెనక్కి పెట్టుకుని
చెయ్యొక్కటే ముందుకి చాచాడు.
తనంతా తడిసి, పొట్లం పొడిగా.

"బిల్లులో వాన రుసుమని పన్నెండు రూపాయలుంది,
నీకిస్తారా?" అన్నాను.
నవ్వాడు. "ఏటోనమ్మా,
వానైతే నాకే వొచ్చింది.
రుసుమెవులికి ఎల్లిందో."

పేరు తవిటినాయుడు.
మా వైపు పేరే.
ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే
పురిటిబిడ్డని చేటలో వేసి
చేరెడు తవుడుకి పొరుగామెకి అమ్మేస్తారు,
ఇంత చవకైనవాణ్ణి ఎత్తుకుపోయి ఏం లాభమని
చావు వెనక్కి తిరుగుతుందని.

తలుపేశాక తెర మీద పది, ఇరవై, ముప్పై.
ఒక్కోదాని పక్కన ఒక్కో నవ్వుమొహం.
ఇరవై నొక్కాను.
రంగుకాగితాలు రాలాయి. మీ మనసు పెద్దది అంది ఫోను.
నిజమే అనుకున్నాను,
పొట్లం ముడి విప్పేదాకా.

కిందటి నెల గాంధీ బొమ్మ దగ్గర శిబిరంలో
కరువు భత్యం బకాయిల కోసం
మైకు పట్టుకుని "ఇది భిక్ష కాదు, హక్కు" అని
గొంతు పోయేలా అరిచాను.
అందరికీ మజ్జిగ ప్యాకెట్లు ఆర్డరు పెట్టిందీ నేనే.
ఎవరు తెచ్చారో చూడలేదు.

నాకు రావలసింది బకాయి.
అతనికి రావలసింది నా బొటనవేలి దయ.

మెట్ల మీద తడిబూట్ల చప్పుడు
ఇంకా దిగుతూనే ఉంది.
లిఫ్టుండగా మెట్లేమిటి అనుకుని,
అప్పుడు గుర్తొచ్చింది లిఫ్టు పక్కన అతికించిన కాగితం.
'డెలివరీ వారు మెట్లు వాడవలెను.'
కింద సంతకాల్లో మూడోది నాది.
నీలం సిరా, గుండ్రటి అక్షరాలు,
నా విద్యార్థులు మెచ్చుకునేవి.

కేకేద్దామని తలుపు తీశాను.
పిలిచి ఏం చెప్పాలో తోచలేదు.
కింద బండి రెండుసార్లు దగ్గి, అందుకుంది.

ఇరవై రూపాయలు వెళ్లిపోయాయి.
సంతకం అక్కడే ఉంది.
ఆదివారం సంఘం సమావేశం:
నీళ్ల ట్యాంకరు, పార్కింగు గీతలు, ఇతరములు.
ఆ ఇతరముల దగ్గర
లేచి నిలబడతానో లేదో
పకోడీ చల్లారేలోగా తేల్చుకుందామనుకున్నాను.

చల్లారిపోయింది.