చక్రం మీద సుత్తి

పెరంబూరు రేకుల చర్చి వెనక గదిలో
శనివారం సాయంత్రాలు హీబ్రూ చెబుతాడు జక్రయ్య మాస్టారు.
ముగ్గురమే వస్తాం. ఫ్యాను కొట్టుకుంటుంది.

కుడి నుంచి ఎడమకి
ఇవాళ ఒకే మాట రాశాడు బోర్డు మీద:
షెమా. విను.
"లోబడటానికి వేరే మాటేది సార్?" అన్నాను.
"మీ అమ్మ నిన్ను ఏమని తిట్టేది?"
చెప్పిన మాట వినవేమే, అని.
"అదే," అన్నాడు. సుద్ద దులుపుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లు
బేసిన్ బ్రిడ్జి యార్డులో ఆయన పని
ఆగిన రైలు పక్కన వంగి నడుస్తూ
ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి వినడం.
మంచి చక్రం గంటలా పలుకుతుంది,
బీటవారింది పాత కుండలా.

ఒక వానరాత్రి పచ్చదీపం పడ్డాక
గార్డు కేకలేస్తుండగా
ఒక చక్రం సరిగా పలకలేదు.
మళ్లీ కొట్టాడు. అదే.
"విననట్టు వెళ్లిపోవచ్చు. ఎవరు చూశారు?"
బండి ఆపించాడు.
విప్పి చూస్తే ఏముందో ఆయనకెవరూ చెప్పలేదు.
ఆలస్యానికి మెమో మాత్రం ఇచ్చారు.

"ఆఫీసరంటే భయం వెయ్యలేదా?"
"వేసింది. కానీ కిటికీ ఊచల్లోంచి
ఓ పిల్ల చెయ్యి, నిద్రలో,
వానకి తడుస్తూ వేలాడుతోంది.
దాన్ని చూసి వేసిన భయం వేరు."

భయభక్తులు అని ఒక్క ఊపిరిలో అనే మాటని
ఇన్నాళ్లూ రెండుగా విరిచి చదువుకున్నాను.

ఆ సుత్తి ఆయన ఎడమ చెవిని తినేసింది.
ఇప్పుడు ప్రశ్న అడిగితే
కుడి చెవి తిప్పి
ఒళ్లంతా వంగుతాడు మా వైపు.