కిలోమీటరుకి ఇంత

గుణుపురంలో సాయంత్రం నాలుగున్నరకి బయల్దేరాను.
పర్లాకిమిడి దాకా వెళ్లి, కోట గోడ ముట్టుకుని, వెనక్కి.
రానూ పోనూ నూట ఎనిమిది కిలోమీటర్లని
కూర్మన్న తన మోపెడ్ మీటరుతో కొలిచి పెట్టాడు.
ఆ మీటరు అబద్ధాలాడుతుందని ఊరందరికీ తెలుసు.

ఊరు ఇచ్చిన మాటలన్నీ అతని నోటుపుస్తకంలో ఉన్నాయి.
బట్టల కొట్టు బెహరాబాబు కిలోమీటరుకి ఇరవై.
రాయగడ బస్సు కండక్టరు అయిదు.
జీడిపప్పు మిల్లులో ఆడవాళ్లు పద్నాలుగు మంది కలిసి మూడు.
మందుల షాపు పాత్రోగారు యాభై,
"పూర్తి చెయ్యకపోతే పైసా ఇవ్వను, ముందే చెబుతున్నా."

నేను పరుగుల మనిషిని కాను.
ఆరు మంచాల ఇంట్లో రాత్రి డ్యూటీ చేస్తాను.
అక్కడికి పిల్లలు బాగవడానికి రారు,
నొప్పి తగ్గడానికి వస్తారు.
దుప్పట్లు మార్చడం, వాంతి గిన్నె పట్టడం,
వానొస్తే మంచం కిటికీ దగ్గరికి జరపడం
నా పని.

రెండేళ్లు ఊరికే అడిగాను, ఎవరూ ఇవ్వలేదు.
పరిగెడతానంటే ఇచ్చారు.
నా మోకాలు వాస్తే దానికో రేటుంది,
బొటనవేలి గోరు ఊడితే ఇంకో పది కలుపుతారు.
మంచం మీంచి కదలని నొప్పికి
కిలోమీటరుకి ఎంత కట్టాలో
ఎవరికీ లెక్క తెలియదు.
సరే, నాకు కాళ్లున్నాయి.
అద్దెకిచ్చాను.

వంశధార పక్కన ముప్పై దాకా బాగానే ఉంది.
చోడి అంబలి, ఉప్పద్దిన నిమ్మచెక్క.
తర్వాత చీకటి, మాఘం చలి,
జీడితోటల్లోంచి పూత వాసన,
వెనకాల మోపెడ్ దగ్గు.

కోట దగ్గర కాపలావాడు లాఠీ ఎత్తి "ఎవడ్రా" అన్నాడు.
గోడ ముట్టుకోవాలన్నాను.
ఎందుకన్నాడు. చెప్పాను.
లాఠీ చంకన పెట్టుకుని, జేబులు తడుముకుని
పది రూపాయలిచ్చాడు,
కిలోమీటరుకి కాదు, మొత్తానికి.

కాశీనగరం దాటాక, డెబ్బై తొమ్మిదో దగ్గర
వంగి అంబలంతా కక్కేశాను.
"ఇంక సాల్రా బావూ, బండెక్కీ" అన్నాడు కూర్మన్న.
ఎక్కేవాణ్ణే.
రోడ్డు పక్కన టార్చి వెలిగింది.

సుబాసి.
పోయిన కార్తీకం దాకా నాలుగో మంచం ఆమె కొడుకు బిరేనుది.
ఏడుస్తుందనుకున్నాను.
కుచ్చిళ్లు పైకి దోపి, హవాయి చెప్పులు చేతపట్టుకుని
"నడు" అంది.

పక్కనే పరిగెత్తింది. మాటల్లేవు.
నా ఊపిరికన్నా ముందు ఆమె ఊపిరి అలిసిపోయింది,
కాళ్లు మాత్రం ఆగలేదు.
ఎనభై రాయి దగ్గర వంగి, మోకాళ్లు పట్టుకుని
కూర్మన్నతో అంది:
"రాయి. సుబాసి శబర. ఒక కిలోమీటరు.
దీనికి ఎవరిస్తారో మీరే అడుక్కోండి."

రాశాడు.
మోపెడ్ లైటు ముందు పెన్ను మొరాయిస్తే
నోటితో ఊది, మళ్లీ రాశాడు.

మిగతా ఇరవై ఎనిమిదీ ఎలా వచ్చానో నాకు తెలీదు.

చేరేసరికి పదకొండు.
దండా లేదు, చప్పట్లూ లేవు, అది స్నానాల వేళ.
కూని ఒక్కర్తే తలుపు వైపు చూస్తోంది.
"ఏమేం చూశావు?"
ఒక నక్క. కోట. పూసిన జీడిచెట్లు. ఒకావిడ.
"ఎలుగు?"
లేదన్నాను.
"అంత దూరం పోయి ఎలుగుని చూడలేదా!"
మొహం గోడ వైపు తిప్పుకుంది.
కాసేపటికి, గోడతోనే,
"వచ్చే ఏడు చూసి రా."

వచ్చే ఏడు.
ఆ మాట తను అంది, నేను కాదు.
ఊఁ అన్నాను.

బూటు విప్పుతుంటే మేజోడుతో పాటు
గోరు ఊడి వచ్చింది.
గబుక్కున ఇటు తిరిగి, మెడ ఎత్తి
"చూపించు చూపించు" అంది.
అరచేతిలో పెట్టాను.
వెలుతురుకి పట్టి చూసింది.
"నొప్పా?"
"కొంచెం."

తనకి బాగా తెలిసిన ఊరి పేరు
ఎవరో చెప్పినట్టు
తల ఊపింది.